కడలి అడుగున తీగ: సొంతదారు ఎవరు, తెగితే నష్టం ఎవరికి

(విశాఖపట్నంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, విద్యుత్ శాఖ ఉద్యోగుల ఎదుట ఒక రిటైర్డ్ ట్రాన్స్‌మిషన్ ఇంజనీరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

2015 ఫిబ్రవరి 17న బ్రిటన్‌లో ఒక ఆస్తి చేతులు మారింది. వేల్స్ ఉత్తర తీరానికి ఎదురుగా, లివర్‌పూల్ అఖాతంలో గ్వింట్ ఎ మోర్ అనే పవన విద్యుత్ కేంద్రం ఉంది. వాళ్ల భాషలో ఆ పేరుకు సముద్రపు గాలి అని అర్థం. 160 గాలిమరలు, 576 మెగావాట్లు. ఆ కరెంటును ఒడ్డుకు తెచ్చేవి సముద్రం అడుగున పరిచిన నాలుగు కేబుళ్లు. ఆ కేబుళ్లు, సముద్రం మీది సబ్‌స్టేషన్లు, ఒడ్డు మీది సబ్‌స్టేషన్, అన్నీ కలిపి సుమారు 35 కోట్ల పౌండ్లకు ఆ రోజు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి వెళ్లాయి. గాలిమరలు మాత్రం పాతవాళ్ల దగ్గరే ఉన్నాయి.

పదమూడు రోజులు గడిచాయి. మార్చి 2న ఒక కేబుల్ ఫాల్ట్ అయింది. సెప్టెంబరులో ఇంకొకటి పోయింది. రిపేర్లకు దాదాపు కోటిన్నర పౌండ్లయ్యాయి. కొన్నవాళ్లు "ఈ లోపం మీ దగ్గర ఉన్నప్పటిదే, డబ్బు మీరే కట్టాలి" అన్నారు. అమ్మినవాళ్లు "మేం ఇచ్చిన రోజు కరెంటు పారుతోంది కదా" అన్నారు. వ్యవహారం కోర్టుకెక్కింది. తీర్పు 2020లో వచ్చింది. తీర్పు సంగతి కాసేపాగి చెబుతాను. ముందు ఒక ప్రశ్న మీ ముందు పెట్టాలి. సముద్రంలో గాలిమరలు నిలబెట్టి కరెంటు పుట్టించే వాడొకడు, ఆ కరెంటును ఒడ్డుకు చేర్చే తీగకు యజమాని ఇంకొకడు. ఇదెందుకు? ఇలా విడదీస్తే ఎవరికి మేలు? తీగ తెగిన రోజున ఎవరి ఇల్లు గుల్లవుతుంది?

ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా వెంటాడుతోంది, దానికి కారణముంది. నా సర్వీసు మొదట్లో ఒక పట్టణానికి కొత్తగా వేసిన 33 కేవీ, అంటే 33 వేల ఓల్టుల, భూగర్భ కేబుల్‌ను కాంట్రాక్టరు దగ్గర నుంచి స్వాధీనం చేసుకున్నాం. కాగితాల మీద సంతకాలయ్యాక నెల తిరక్కుండానే, మే నెల ఎండల్లో రెండు కేబుల్ ముక్కల్ని కలిపే ఒక జాయింటు పేలిపోయింది. జాయింటు చేసింది కాంట్రాక్టరు మనుషులు. స్వాధీనం చేసుకున్నది మేము. తప్పెవరిదని రెండు ఆఫీసుల మధ్య ఉత్తరాలు నడిచినంతసేపూ, అంటే రెండు రాత్రులు, ఆ పట్టణంలో సగం ఊరు చీకట్లో ఉంది. ఆసుపత్రికి జనరేటరు పెట్టి నడిపించాం. చేత విసనకర్రతో వీధిలోకొచ్చి కూర్చున్న ఒక పెద్దావిడ నన్నడిగింది: "నాయనా, తీగ ఎవరిదైతేనేం, బాగుచేసేవాడెవడు?" ఆవిడ అడిగినదాని కంటే మంచి ప్రశ్నను ట్రాన్స్‌మిషన్ పుస్తకాల్లో నేనెక్కడా చూడలేదు.

సరే, విషయంలోకి వెళదాం. సముద్రంలో గాలిమరల క్షేత్రం ఎలా ఉంటుందో ముందు కళ్ల ముందుకు తెచ్చుకోండి. ఒక్కో మర నుంచి 33 కేవీ, ఈమధ్య వస్తున్న పెద్ద వాటిలో 66 కేవీ కేబుళ్లు దండలో పూలలా మరల్ని కలుపుతూ ఒక ప్లాట్‌ఫామ్ దగ్గరికి చేరతాయి. నాలుగు ఇనుప కాళ్ల మీద నిలబడ్డ సబ్‌స్టేషన్ అది. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్లు ఓల్టేజిని 132కో, 220కో పెంచుతాయి. అక్కణ్ణించి ఎక్స్‌పోర్ట్ కేబుల్ అనే లావుపాటి తీగ సముద్రపు మట్టిలో పూడ్చుకుంటూ ఒడ్డుకు వస్తుంది. ఒకే తొడుగులో మూడు ఫేజులు, వాటిపైన సీసపు పొర, ఆ పైన ఉక్కు తీగల కవచం, మధ్యలో సమాచారం కోసం ఫైబర్ తీగ. ఒడ్డున ఇంకో సబ్‌స్టేషన్, అక్కడ మెయిన్ గ్రిడ్.

బ్రిటన్‌లో యాజమాన్యపు సరిహద్దు ఆ ప్లాట్‌ఫామ్ మీదే పడుతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు తక్కువ ఓల్టేజి వైపున్న 33 కేవీ స్విచ్‌గేరు దగ్గర గీత గీస్తారు. గీతకు అవతల మరలు, వాటి మధ్య కేబుళ్లు ఉత్పత్తిదారువి. ఇవతల ప్లాట్‌ఫామ్, ట్రాన్స్‌ఫార్మర్లు, ఎక్స్‌పోర్ట్ కేబుల్, ఒడ్డు సబ్‌స్టేషన్, ఇవన్నీ ఆఫ్టోవి. ఆఫ్టో అంటే సముద్ర ట్రాన్స్‌మిషన్ యజమాని, లైసెన్సున్న ప్రత్యేక కంపెనీ.

ఈ ఏర్పాటు 2009లో మొదలైంది. కరెంటు పుట్టించేవాడే దాన్ని మోసే దారికి కూడా యజమానిగా ఉండకూడదని యూరప్ చట్టాలు అప్పటికే గట్టిగా చెబుతున్నాయి. మన తెలుగువాళ్లకు ఇది కొత్త మాటేం కాదు. 1998లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డు కరెంటు పుట్టించే జెన్‌కోగా, దాన్ని మోసే ట్రాన్స్‌కోగా విడిపోయింది. మరుసటి ఏడు ఇళ్లకు కరెంటు పంచే నాలుగు డిస్కమ్‌లు వచ్చాయి. నిన్నటిదాకా ఒకే క్యాంటీన్‌లో టీ తాగినవాళ్లం, మర్నాటి నుంచి మీటరు రీడింగుల మీద సంతకాలు పెట్టించుకోవడం మొదలెట్టాం. ఆ విభజనను చూసినవాళ్లు ఈ హాల్లో కొందరున్నారు. బ్రిటన్‌లో జరిగింది దానికి సముద్రపు రూపం, కాకపోతే అక్కడ ట్రాన్స్‌కో పాత్రకు వేలం పెట్టారు.

వేలం ఇలా నడుస్తుంది. గాలిమరల కంపెనీకి రెండు దారులున్నాయి. కేబుల్ కూడా తానే వేసి తర్వాత అమ్మేయడం ఒకటి, మొదటి నుంచీ ఆఫ్టో చేతనే వేయించడం రెండోది. ఇప్పటిదాకా కట్టినవన్నీ మొదటి దారిలోనే కట్టారు. కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. వందల కోట్లు పెట్టి మరలు నిలబెట్టేవాడు, కేబుల్ ఎప్పుడొస్తుందా అని పక్కవాడి మొహం చూస్తూ కూర్చోవాలనుకోడు. అందుకే తానే వేసుకుంటాడు. పని పూర్తయ్యాక దాన్ని ఉంచుకునే వీల్లేదు. పరీక్షలు, కమిషనింగు కోసం 18 నెలల గడువుండేలా 2013 చట్టంలో వెసులుబాటు ఇచ్చారు. గడువు లోగా అమ్మాలి.

ఎంతకు అమ్మాలో కూడా వాడిష్టం కాదు. ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ ప్రతి బిల్లూ తిరగేసి, పొదుపుగా, సమర్థంగా పెట్టిన ఖర్చెంతో తేలుస్తుంది. బదిలీ విలువ అదే. కొనేవాళ్లు పోటీ పడేది ఆ ధర మీద కాదు. "ఈ ఆస్తిని నేను చూసుకుంటాను, ఏడాదికి నాకింత ఇవ్వండి" అని ప్రతివాళ్లూ ఒక అంకె రాసిస్తారు. ఎవరి అంకె తక్కువైతే లైసెన్సు వాళ్లది. మొదటి విడతల్లో ఆ ఆదాయం 20 ఏళ్లపాటు వచ్చేది, ద్రవ్యోల్బణంతో పాటు పెరిగేది. తర్వాతి విడతల్లో దాన్ని 25 ఏళ్లకు పెంచారు. మొట్టమొదటి లైసెన్సు 2011 మార్చిలో సాల్వే అఖాతంలోని రాబిన్ రిగ్‌కు ఇచ్చారు, 180 మెగావాట్ల కేంద్రం అది. ఆ తర్వాత గన్‌ఫ్లీట్ శాండ్స్, బారో, వాల్నీ, గ్రేటర్ గాబర్డ్, థానెట్ లాంటి కేంద్రాలవి వచ్చాయి. థేమ్స్ ముఖద్వారం దగ్గర 630 మెగావాట్ల లండన్ ఆరే కేబుళ్లు దాదాపు 46 కోట్ల పౌండ్లకు వెళ్లాయి. 2021లో హార్న్‌సీ వన్ అనే పవన కేంద్రం లింకు సుమారు 118 కోట్ల పౌండ్లు పలికింది. దాన్ని కొన్న బృందంలో మిత్సుబిషి అనుబంధ సంస్థ ఉంది. కరెంటు పని ఎరగని పెన్షన్ నిధులు, బీమా సొమ్ము కూడా ఇలాంటి ఆస్తుల్లోకి వచ్చి చేరాయి. 2013లో గ్రేటర్ గాబర్డ్ లింకు కోసం 30.5 కోట్ల పౌండ్ల బాండ్లే అమ్మారు, యూరప్ పెట్టుబడి బ్యాంకు వాటికి వెన్నుదన్నుగా నిలబడింది.

పెన్షన్ డబ్బు సముద్రం అడుగుకు ఎందుకెళుతుందో అర్థం కావాలంటే ఆఫ్టోకి డబ్బెలా వస్తుందో చూడాలి. గాలి వీచినా వీయకపోయినా వాళ్ల ఆదాయం ఒకటే. లైను సిద్ధంగా ఉందా లేదా అన్నదొక్కటే లెక్క. ఏడాదిలో 98 శాతం కాలం లైను అందుబాటులో ఉంటే పూర్తి సొమ్ము. ఇంకా బాగా నడిపితే 5 శాతం దాకా బోనస్. తక్కువైతే కోత. ఆ కోత ఏ ఒక్క ఏడాదిలోనూ ఆదాయంలో 10 శాతం దాటదు. మిగిలినది తర్వాతి ఏళ్లకు వెళుతుంది. తమ చేతిలో లేని అసాధారణ ఘటన వల్ల లైను పోయిందని ఆఫ్‌జెమ్ ఒప్పుకుంటే ఆ కోత కూడా లేదు. ఈ సొమ్మును గ్రిడ్ నడిపే సంస్థ ఇస్తుంది, ఇచ్చి అందులో ఎక్కువ భాగాన్ని అదే గాలిమరల కంపెనీ దగ్గర ట్రాన్స్‌మిషన్ చార్జీలుగా వసూలు చేసుకుంటుంది. ఆ కంపెనీ దాన్ని కరెంటు ధరలో కలుపుతుంది. చివరికి కట్టేది ఇంట్లో బల్బు వేసుకునేవాళ్లే.

అద్దె దుకాణం లాంటిదన్నమాట. దుకాణంలో బేరాలు సాగాయా లేదా అన్నది యజమానికి పట్టదు. పైకప్పు కారకుండా ఉంటే చాలు, అద్దె వస్తుంది.

ఇందులో మంచి ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. నష్టభయం తక్కువైతే తక్కువ వడ్డీకి డబ్బు దొరుకుతుంది. ట్రాన్స్‌మిషన్ అంటే దాదాపు అంతా మొదటి రోజే పెట్టే పెట్టుబడి, కాబట్టి వడ్డీ అర శాతం తగ్గినా 20 ఏళ్లలో అది పెద్ద మొత్తమవుతుంది. అయితే మొదటి విడతల్లో ఆ మేలు జనానికి ఎంత అందింది, మదుపుదార్లకు ఎంత అందింది అన్న విషయంలో బ్రిటిష్ పార్లమెంటుకే అనుమానం వచ్చింది. 2013 జనవరిలో అక్కడి పబ్లిక్ అకౌంట్స్ కమిటీ గట్టిగానే మాట్లాడింది. మొదటి లైసెన్సుల్లో మదుపుదార్లకు 10, 11 శాతం రాబడి కనిపిస్తోంది, 20 ఏళ్లు ధరలతో పాటు పెరిగే ఆదాయం రాసిచ్చారు, జరిమానాకు మాత్రం పరిమితి పెట్టారు, మోస్తున్న రిస్కుతో పోలిస్తే ఇది చాలా ఉదారం అని చెప్పింది. నేనూ ఆ మాటతో ఏకీభవిస్తాను. తర్వాతి విడతల్లో పోటీ పెరిగి రాబడి తగ్గింది, అదీ నిజమే.

ఇప్పుడు నన్ను బాధించే లెక్క చెబుతాను, కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. రెండు కేబుళ్లున్న ఒక కేంద్రం అనుకుందాం. ఒక కేబుల్ పోయింది. సముద్రంలో కేబుల్ రిపేరంటే మన లైన్‌మన్ ఎల్సీ, అంటే లైను ఆపిన అనుమతి, తీసుకుని స్తంభమెక్కి చేసే పని కాదు. ఫాల్ట్ ఎక్కడుందో ఒడ్డు నుంచి కొలవాలి. అందుకు తగిన నౌక దొరకాలి. స్పేరు కేబుల్ ఉండాలి. మట్టిని నీటి ధారతో తవ్వి తీగను పైకెత్తాలి, ఓడ మీద తడి తగలని గదిలో జాయింటు చేయాలి, మళ్లీ దించాలి. అలలు తగ్గేదాకా నౌక రోజుల తరబడి ఎదురు చూస్తూ నిలబడాలి. నాలుగు నెలలు పట్టిందనుకోండి. సగం సామర్థ్యం, ఏడాదిలో మూడో వంతు కాలం. అంటే ఏడాది లెక్కలో ఆరో వంతు, దాదాపు 17 శాతం, అందుబాటులో లేదు. ఆఫ్టోకి ఆ ఏడాది పడే కోత 10 శాతం దగ్గర ఆగుతుంది. గాలిమరల కంపెనీకి? రిపేరు చలికాలంలో పడితే, గాలి బాగా వీచే ఆ నాలుగు నెలలూ వాళ్ల మరల్లో సగం ఊరికే నిలబడతాయి. పోయే కరెంటు విలువ ముందు ఆఫ్టో కట్టే కోత చాలా చిన్నది. బాగుచేసే అధికారం ఒకరిది, ఆలస్యం వల్ల రక్తం కారేది ఇంకొకరికి. నేనేళ్లుగా చెబుతున్న మాట ఇదొక్కటే: తీగ ఎవరి పేరు మీద ఉంది అన్నదాని కంటే, ఆలస్యమయ్యే ప్రతి రోజూ ఎవరి జేబు నుంచి పోతోంది అన్నది ముఖ్యం. ఆ రెండూ ఒకే మనిషి దగ్గర లేకపోతే రిపేరు నౌక ఆలస్యంగానే బయల్దేరుతుంది.

ఇప్పుడు గ్వింట్ ఎ మోర్ తీర్పు. విచారణలో తేలిన కారణం వింటే ఏ ఇంజనీరుకైనా ఒళ్లు జలదరిస్తుంది. పవర్ కేబుల్ లోపల సమాచారం కోసం పోయే ఆ సన్నని ఫైబర్ తీగ ఉందే, దాని పైనున్న పాలిథిలిన్ తొడుగు తయారీలోనే దెబ్బతింది. నీళ్లు చేరాయి, తుప్పు మొదలైంది, చివరికి అది పెద్ద కేబుల్ ప్రాణం మీదికి వచ్చింది. కాబట్టి లోపం కొనకముందుదే, అందులో వాదన లేదు. ఒప్పందంలో ఒక వాక్యముంది: బదిలీ పూర్తి కాకముందు ఆస్తికి నష్టం జరిగితే అమ్మినవారు భరించాలి. కొన్నవాళ్లు దాన్నే పట్టుకున్నారు. కోర్టు ఆ వాక్యాన్ని చదివిన తీరు వేరు. సంతకాలైంది ఫిబ్రవరి 11న, బదిలీ 17న. ఆ వాక్యం ఆ ఆరు రోజుల మధ్య జరిగిన నష్టానికే వర్తిస్తుంది, అంతకు ముందే మొదలైన తుప్పుకు వర్తించదు అంది. కొన్నవాళ్లు ఓడిపోయారు.

ఆరు రోజులు! ఒక కేబుల్ సముద్రంలో పాతికేళ్లుండాలి. దాని భవిష్యత్తు ఒప్పందంలోని ఒక వాక్యం ఎన్ని రోజులకు వర్తిస్తుందన్న దాని మీద తేలింది. నేను కోర్టును తప్పు పట్టడం లేదు. రాసిన మాటను రాసినట్టు చదివారు. కానీ విద్యార్థులకు చెబుతున్నాను, కాంట్రాక్టు చదవడం కామర్స్ వాళ్ల పని అనుకోకండి. కేబుల్‌లో దాగిన లోపం ఎలా పెరుగుతుందో, ఎన్నేళ్లకు బయటపడుతుందో తెలిసింది మీకు. ఆ వాక్యం రాసే గదిలో మీరుండాలి.

ఇదొక్కటే కాదు, సముద్రపు పవన విద్యుత్తులో బీమా కంపెనీలు చెల్లించే నష్టపరిహారంలో పెద్ద వాటా కేబుళ్లదే. 2021లో డెన్మార్క్ కంపెనీ ఓర్స్టెడ్ తన కేంద్రాల్లో కేబుల్ రక్షణ తొడుగులు సముద్రపు అడుగున రాళ్లకు రాసుకుని అరిగిపోతున్నాయని బయటపెట్టింది. పది దాకా కేంద్రాల్లో ఆ సమస్య ఉండవచ్చని, 300 కోట్ల డానిష్ క్రోన్‌ల దాకా ఖర్చవచ్చని చెప్పింది. అవి మరల మధ్య కేబుళ్లు, ఆఫ్టోవి కావు. ఉప్పునీళ్లు మాత్రం రెంటికీ ఒకటే.

(సభలోంచి ఒక ప్రశ్న: "సార్, మరి ప్రభుత్వ గ్రిడ్ సంస్థే కేబుల్ వేసేస్తే ఈ గొడవ ఉండదు కదా?")

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. జర్మనీ సరిగ్గా అదే చేసింది. అక్కడ గ్రిడ్ కంపెనీయే సముద్రంలోకి వెళ్లి కనెక్షన్ ఇవ్వాలని చట్టం. ఉత్తర సముద్రంలో అప్పట్లో ఆ బాధ్యత టెనెట్ అనే కంపెనీది, అప్పుడది నెదర్లాండ్స్ ప్రభుత్వానిది. 2011 నవంబరులో ఆ కంపెనీ జర్మనీ ప్రభుత్వానికి ఉత్తరం రాసింది: ఇన్ని లింకులు ఇంత తొందరగా కట్టడానికి మా దగ్గర డబ్బు చాలదు, మనుషులు చాలరు అని. ఫలితం రిఫ్‌గాట్‌లో కనిపించింది. బోర్కుమ్ దీవి పక్కన 30 మరలు, 108 మెగావాట్లు, 2013 వేసవికి అన్నీ సిద్ధం. కేబుల్ మాత్రం రాలేదు. దారిలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబులు, మందుగుండు పడి ఉన్నాయి, వాటిని ఏరాలి. 2014 ఫిబ్రవరి దాకా కరెంటు ఒడ్డుకు చేరలేదు. సముద్రపు గాలిలో మరలు ఊరికే నిలబెడితే తుప్పు పట్టి పాడవుతాయి, అందుకని డీజిల్ జనరేటర్లతో వాటిని తిప్పుతూ కూర్చున్నారు. గాలిమరకు డీజిల్ పోసి తిప్పడం! పెళ్లి పందిరి వేశారు, వంటలు వండారు, ముహూర్తం దాటిపోయింది, పెళ్లికొడుకు బండి మాత్రం రాలేదు.

అయితే జర్మనీ దాంతో ఆగలేదు. 2012 చివర్లో చట్టం మార్చారు. కనెక్షన్ ఆలస్యమైతే పదకొండో రోజు నుంచి గాలిమరల కంపెనీ పోగొట్టుకున్న ఆదాయంలో 90 శాతం గ్రిడ్ సంస్థ ఇవ్వాలి. గ్రిడ్ సంస్థ తన తప్పు లేనంతవరకు దాన్ని వినియోగదారుల బిల్లుల్లో ఒక ప్రత్యేక సుంకంగా వేస్తుంది. అంటే రిస్కు జనం మీదికి వచ్చింది. ఇది సరైనదా? నాకైతే సగం సరైనది అనిపిస్తుంది. మరల కంపెనీకి ధైర్యమిచ్చింది, పెట్టుబడి ఆగలేదు. కానీ పరిహారమంతా బిల్లుల్లోకి పోతే ఆలస్యం చేసిన వాడికి నొప్పి తెలియదు. నెదర్లాండ్స్ ఇదే బాటలో నడుస్తూ ఒక తెలివైన పని చేసింది. 700 మెగావాట్ల ప్లాట్‌ఫామ్‌కు ఒకే డిజైను పెట్టుకుని, బోర్సెలా అనే కేంద్రంతో మొదలుపెట్టి అదే మళ్లీ మళ్లీ కట్టింది. ఇప్పుడు 2,000 మెగావాట్ల 525 కేవీ డీసీ లింకులకు వెళుతోంది. ఒకసారి నేర్చుకున్న పనిని పదిసార్లు చేస్తే తప్పులు తగ్గుతాయి.

డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, ఎందుకు అని కొందరికి సందేహం రావచ్చు. మన గాజువాకలో హెచ్‌వీడీసీ, అంటే అధిక ఓల్టేజి డీసీ, స్టేషన్ చూసినవాళ్లకు కన్వర్టర్ల సంగతి తెలుసు. అక్కడ లైనే లేదు, తూర్పు గ్రిడ్డు నుంచి దక్షిణ గ్రిడ్డుకు ఒకే ఆవరణలో, దిశ మార్చుకుంటూ పారే ఏసీని డీసీ చేసి మళ్లీ ఏసీ చేసేవాళ్లు. సముద్రంలో అసలు సమస్య దూరం. కేబుల్ ఒక పెద్ద కెపాసిటరు. మన కాలువ చివరి రైతు సంగతి గుర్తు తెచ్చుకోండి. నీళ్లు వదిలితే ముందు కాలువ తడవాలి, మట్టి తాగాలి, ఆ తర్వాతే చివరి మడికి. ఏసీ కేబుల్‌లో చార్జింగ్ కరెంటు అలాగే దారిని ఆక్రమిస్తుంది, సెకనుకు యాభై సార్లు నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. ఎనభై, వంద కిలోమీటర్లు దాటితే పనికొచ్చే కరెంటుకు చోటు తక్కువైపోతుంది. జర్మనీ అందుకే బోర్విన్ వన్ అనే లింకులో 400 మెగావాట్లను 200 కిలోమీటర్లు డీసీలో తెచ్చింది. హార్న్‌సీ వన్ మాత్రం 120 కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఏసీతోనే పోయింది, సముద్రం మధ్యలో ఆ చార్జింగ్ కరెంటును సర్దే పెద్ద తీగచుట్టలు, అంటే రియాక్టర్లు, పెట్టిన ఇంకో ప్లాట్‌ఫామ్ కట్టి.

హార్న్‌సీ పేరెత్తాను కాబట్టి 2019 ఆగస్టు 9 సంగతి చెప్పాలి. సాయంత్రం 4:52కి ఇంగ్లండ్‌లో ఒక 400 కేవీ లైను మీద పిడుగు పడింది. ఇది మనకూ ప్రతి వానాకాలం జరిగేదే, లైను వెంటనే తిరిగి నిలబడింది. కానీ ఆ క్షణపు ఓల్టేజి కుదుపుకు సముద్రంలో హార్న్‌సీ కంట్రోల్ వ్యవస్థ అదుపు తప్పి ఊగింది. 799 మెగావాట్లిస్తున్న కేంద్రం 62కు పడింది. అదే సమయంలో లిటిల్ బార్ఫర్డ్ గ్యాస్ కేంద్రం కూడా ట్రిప్ అయింది. 50 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 48.8కి జారింది, గ్రిడ్ కుప్పకూలకుండా కొంత లోడును తెంచేసే అండర్ ఫ్రీక్వెన్సీ రిలేలు పనిచేసి పది లక్షలకు పైగా వినియోగదారులకు కరెంటు పోయింది. కరెంటు తొందరగానే వచ్చింది కానీ రైళ్లు గంటల తరబడి ఆగిపోయాయి. విచారణ తర్వాత హార్న్‌సీ కంపెనీ, గ్యాస్ కేంద్రపు కంపెనీ చెరి 45 లక్షల పౌండ్లు కట్టాయి.

ఆ రోజుకు హార్న్‌సీ లింకు ఇంకా ఆఫ్టో చేతికి వెళ్లలేదు. మరలూ, కేబుళ్లూ, రియాక్టర్లూ అన్నీ ఒకే యజమానివి. అయినా ఇంతయింది. ఇప్పుడు ఆ లింకు వేరే కంపెనీది. మరల కంట్రోలు ఒకరిది, సముద్రం మధ్య రియాక్టరు ఇంకొకరిది, ఒడ్డున గ్రిడ్డు మరొకరిది. కుదుపు వచ్చినప్పుడు ఈ ముగ్గురి యంత్రాలూ సెకనులో వందో వంతు కాలంలో ఒక్కటిగా స్పందించాలి. ఆపరేషన్ అన్న మాటకు అసలు బరువు ఇక్కడుంది. చాలా ఆఫ్టోలు రోజువారీ నిర్వహణను మళ్లీ మరల కంపెనీకే కాంట్రాక్టుకిస్తాయి, ఎందుకంటే పడవలు, హెలికాప్టర్లు, సముద్రం ఎరిగిన మనుషులు వాళ్ల దగ్గరే ఉంటారు. నాకిది మంచి పద్ధతిగానే కనిపిస్తుంది. అయితే ఇద్దరి సెట్టింగుల ఫైళ్లు ఒకే బల్ల మీద పెట్టి చూసే ఇంజనీరు ఒకడుండాలి, వాడి పేరు అందరికీ తెలియాలి.

బ్రిటన్ ముందు ఇంకో చిక్కు వచ్చి నిలబడింది. మొదటి లైసెన్సుల 20 ఏళ్లు 2030 దాటాక వరుసగా అయిపోతాయి. మరలు ఇంకా తిరుగుతూనే ఉండొచ్చు. అప్పుడు కేబుల్ ఎవరిది, ఎంత ఇవ్వాలి? పాత కేబుల్ ఆరోగ్యాన్ని ఎవరు పరీక్షించి చెప్పాలి? ఆఫ్‌జెమ్ కొన్నేళ్లుగా దీని మీద సంప్రదింపులు నడుపుతోంది. చివరి ఏళ్లలో ఆఫ్టో రిపేర్ల మీద చెయ్యి బిగించే ప్రమాదముంది. ఇల్లు ఖాళీ చేసే ఏడాది ఎవరూ గోడలకు సున్నం వేయించరు కదా.

ఇక మన సంగతి. మన దేశం 2015లో సముద్ర పవన విద్యుత్ విధానం ప్రకటించింది. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్ల రూపాయలతో పథకం ఒప్పుకుంది. గుజరాత్ తీరాన 500 మెగావాట్లు, తమిళనాడు తీరాన 500. అందులోనే 600 కోట్లు రెండు రేవుల కోసం. సముద్రంలోని సబ్‌స్టేషన్‌తో సహా కరెంటు ఒడ్డుకు తెచ్చే పని కేంద్ర ప్రభుత్వ సంస్థ పవర్‌గ్రిడ్‌కు అప్పజెప్పారు. అంటే మనం జర్మనీ దారి ఎంచుకున్నాం, బ్రిటన్ దారి కాదు. ఒడ్డు మీద మాత్రం ట్రాన్స్‌మిషన్ లైన్లకు టారిఫ్ వేలం, అంటే తక్కువ చార్జీ అడిగినవాళ్లకే పని ఇవ్వడం, మనకు అలవాటే. ఆఫ్టో మాదిరే, ఏసీ లైన్లకు 98 శాతం అందుబాటు ఉంటేనే పూర్తి చార్జీ అన్న నియమం మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. ఆ 98 అంకె చూసినప్పుడు నాకు పాత స్నేహితుడు కనిపించినట్టనిపించింది.

మన ఆంధ్ర తీరానికి ఈ పథకంలో చోటు లేదు, కన్యాకుమారి దగ్గరా గుజరాత్ దగ్గరా వీచినంత గాలి మన దగ్గర లేదు. కానీ చార్జీల్లో మనకు వాటా ఉంది. 2032 డిసెంబరు లోగా మొదలయ్యే సముద్ర పవన కేంద్రాలకు అంతర్రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ చార్జీలు మాఫీ చేస్తామన్నారు. ఒకరికి మాఫీ అయితే ఆ భారం మిగిలిన వాళ్లందరి మధ్య పంచుకోవాలి, ఆ పంపకంలో ఆంధ్ర, తెలంగాణ డిస్కమ్‌లూ ఉంటాయి. అనకాపల్లిలో, ఖమ్మంలో కట్టే బిల్లులో తమిళనాడు పక్కనున్న మన్నార్ గల్ఫ్ కేబుల్ తాలూకు కొన్ని పైసలుంటాయి. కట్టేవాళ్లకు అడిగే హక్కుంటుంది.

నేనడిగేవి ఇవి. మరలు నిలబడి, కేబుల్ రాకపోతే, రోజుకెంత పరిహారం, ఎవరిస్తారు? రాజస్థాన్ ఎడారిలో సోలార్ ప్లాంట్లు సిద్ధమైనా లైన్లు చాలక కరెంటు ఆపుకోవాల్సి వచ్చింది, అది నేల మీద. సముద్రంలో కేబుల్ తెగితే రిపేరు నౌక ఎక్కణ్ణించి రావాలి, దానితో ముందే ఒప్పందం ఉందా? స్పేరు కేబుల్ ఏ రేవులో చుట్టి పెడతారు? హుద్‌హుద్ వెళ్లిన మర్నాడు, 2014 అక్టోబరు 13న, ఈ ఊళ్లో కూలిన టవర్ల మధ్య నడిచినవాళ్లం మనం. ఎక్కడెక్కడి నుంచో లైన్‌మన్లు లారీలెక్కి వచ్చారు కాబట్టి నిలబడ్డాం. సముద్రం అడుగుకు లారీ వెళ్లదు. తుఫాను అసాధారణ ఘటనల జాబితాలో ఉంటుందా, లేక బంగాళాఖాతంలో అది మామూలు సంగతేనని రాస్తారా? జాయింట్లు చేసే మనుషుల్ని ఇప్పట్నుంచే ఎక్కడ తయారుచేస్తున్నాం? ఆ పని నేర్వాలన్న కోరిక ఉన్న పిల్లలెవరైనా ఈ హాల్లో ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి, నాకు తెలిసినదంతా చెబుతాను.

టెండరు కాగితాలు వచ్చినప్పుడు మొదట ధర ఉన్న పేజీ తిప్పకండి. నష్టం జరిగితే ఎవరు, ఎన్ని రోజుల్లో, ఎంత అన్న పేజీ తిప్పండి. మా పట్టణంలో ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నకు జవాబు ఆ పేజీలో ఉండాలి. ఆవిడకు ఆ రాత్రి నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి.